తాడు దాటని దాలయ్య

దబ్బలవలస మొత్తానికి ఎరకయ్య ఇంటివాళ్ళంత తెలివిగలవాళ్ళు లేరట. ఎవరన్నారంటారా? వాళ్ళే అన్నారు. పొద్దున్న పళ్ళు తోముకునే ముందు ఒకసారి, అన్నాలు తిని చెయ్యి కడుక్కున్నాక ఒకసారి, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు.

"ఊళ్ళో అందరికీ బుర్రలున్నాయిరా, మాట వినే చెవే లేదు. ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు. గోరంత ఎక్కువా లేదు, గోరంత తక్కువా లేదు" అనేవాడు ఎరకయ్య, మీసం దువ్వుకుంటూ. పెళ్ళాం నూకరత్నం అవునవునని తలూపేది. పెద్దకొడుకు దాలయ్య, చిన్నకొడుకు గవరయ్య నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఇద్దరూ మీసాలొచ్చిన మగాళ్ళే. మీసం వస్తే బుద్ధి కూడా వస్తుందని ఎవరు రాసిపెట్టారు?

ఆ ఇంటికి దాలయ్య పెళ్ళాంగా వచ్చింది తవిటమ్మ. కొత్తమెట్ట పిల్ల. నోరు కాస్త పెద్దదే గానీ, బుర్ర ఉన్న మనిషి. ఆ ఇంట్లో బుర్ర ఉండటమంటే పాపం, నలుగురు నిద్రపోతున్న బండిలో ఒక్కళ్ళే మెలకువగా కూర్చోవడమే.

కాపరానికొచ్చిన కొత్తలో ఒకరోజు ఏమైందంటే, తవిటమ్మ నూతి దగ్గర్నుంచి వంటింటి దాకా పెరట్లో అడ్డంగా తాడు కట్టి, చీర ఆరేసి కలుపు తీతకి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే నలుగురూ తాడుకి ఇవతల వరసగా కూర్చుని ఉన్నారు. మొహాలు వేలాడిపోయాయి. వండిన అన్నం వండినట్టే ఉంది.

"ఏటి, అన్నాలు తినలేదా?"

"ఎలా తింటాం? తాడు కట్టేశావు కదా" అన్నాడు దాలయ్య.

ఆ ప్రాంతంలో ఊరు కట్టడమని ఒక ఆచారం ఉంది. పశువులకి గాలికుంటు వచ్చినా, మనుషులకి మశూచి వచ్చినా, వేపమండలు గుచ్చిన తాడు ఊరి మొదట్లో అడ్డంగా కట్టేవాళ్ళు. తాడు ఉన్నంతసేపూ బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. దాటితే ఊరికి అరిష్టం. ఇది అందరికీ తెలుసు. అయితే అందరికీ ఊరి తాడేదో, బట్టల తాడేదో కూడా తెలుసు. వీళ్ళకి తాడంటే తాడే.

"దీనికి వేపాకు లేదు కదయ్యా!"

"చీర పచ్చగా ఉందిగా" అన్నాడు గవరయ్య.

తవిటమ్మ ఆ రోజు నవ్వింది. కొత్త కదా.

నాలుగేళ్ళు గడిచాక నవ్వు కూడా అరిగిపోయింది. ఆఖరికి గుమ్మడి వడియాల దగ్గర తెగింది. రెండ్రోజులు నడుం విరిగేలా పప్పు రుబ్బి, గుమ్మడికాయ తరిగి, పెద్ద చాప నిండా వడియాలు పెట్టింది. "నేను మడిలోకి పోతున్నాను. వానొస్తే వడియాలు లోపల పెట్టండి" అని నలుగురికీ చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. నాలుగు చుక్కలు పడ్డాయి.

"నాన్నా, వాన" అన్నాడు దాలయ్య లేవబోతూ.

"కూర్చోరా తొందరపాటు మనిషీ! నాలుగు చుక్కలు పడితే వానంటారా? ఇది చినుకు" అన్నాడు ఎరకయ్య.

కాసేపటికి మొహాల మీద సన్నగా కొట్టింది. నూకరత్నం చెయ్యి చాపి చూసింది. "తుంపర" అంది. ఇంకాసేపటికి చూరు కారింది. "జల్లు" అన్నాడు గవరయ్య. "బాగా చెప్పావురా. ఏది ఏదో తెలిసి ఉండాలి మనిషికి. వానొస్తే అంది గానీ, జల్లొస్తే అనలేదు కదా" అని ఎరకయ్య కొడుకు వీపు తట్టాడు. అరగంటకి ఉరిమి, మెరిసి, పెరడు చెరువైంది. అప్పుడు ఎరకయ్య లేచి నిలబడి, "ఇదీ వాన!" అన్నాడు. ఇంకేముంది, నలుగురూ పరిగెత్తారు. చాప ఉంది. వడియాలు వీధి కాలవలో పడి ఎప్పుడో ఊరు దాటాయి.

తవిటమ్మ తడిసి ముద్దై వచ్చింది. చాప చూసింది. రేకుపెట్టె తీసి చీరలు సర్దుకుంది. గుమ్మంలో నిలబడి మొగుడితో అంది: "ఈ కొంపలో ఏ పనైనా చివరంటా అయిందయ్యా ఎప్పుడైనా? విత్తు జల్లితే నీళ్ళు పెట్టరు, గోడ కడితే కప్పు వెయ్యరు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్క పని మొదలెట్టి చివరంటా చేసి చూపించు. ఆ రోజే నీ వెనకాల వచ్చేస్తాను. అందాకా ఈ గుమ్మం తొక్కను."

వెళ్ళిపోయింది. అంతే.

దాలయ్యకి అన్నం దిగడం మానేసింది. తిట్టే మనిషి లేక ఇల్లు మూగదైపోయినట్టుంది వాడికి. ఏ పని మొదలెడదామన్నా దాని చివర ఎక్కడుందో తెలియదు. పేడ ఎత్తితే రేపు మళ్ళీ పేడ. పొలం దున్నితే వచ్చే ఏడు మళ్ళీ దున్నాలి. చివరున్న పని ఈ లోకంలో ఉందా అసలు?

అలా దిగులు పడుతుండగా మైకు కట్టిన ఆటో ఒకటి ఊళ్ళోకి వచ్చింది. "వచ్చే మాఘమాసంలో నలభై రెండు కిలోమీటర్ల పరుగు! మొదలు రేవు వంతెన, చివర కొత్తమెట్ట హైస్కూలు మైదానం! ఆరు గంటల లోపల చివరి దాకా పరిగెత్తిన ప్రతి ఒక్కరి మెడలో పతకం!"

దాలయ్య చటుక్కున లేచి నిలబడ్డాడు. కొత్తమెట్ట మైదానమంటే తవిటమ్మ పుట్టింటి వెనకాలే.

"ఒరే, మొదలూ వాళ్ళే చెప్పేశారు, చివరా వాళ్ళే చెప్పేశారు. ఇంత తేలిక పని మళ్ళీ దొరకదు. నువ్వు చెయ్యాల్సింది మధ్యదొక్కటే" అన్నాడు ఎరకయ్య.

పరుగు నేర్పడానికి ఊళ్ళో ఒక్కరే ఉన్నారు, భూషణం మాస్టారు. ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు చెప్పి, రిటైరై ఇంటికొచ్చినా మెళ్ళో ఈల తియ్యని మనిషి. దాలయ్య వెళ్ళి కాళ్ళకి దండం పెట్టి, "మీరు ఏం చెబితే అదే చేస్తానండి, గోరంత ఎక్కువ తక్కువా ఉండదు" అంటే మాస్టారి కళ్ళు చెమర్చాయి. "ముప్పై ఏళ్ళలో చెప్పినమాట వినేవాడు ఒక్కడూ తగల్లేదురా. ఇప్పటికి దొరికావు" అన్నారు. పాపం ఆయనకేం తెలుసు?

మొదటిరోజు మాస్టారు చెప్పారు: "రోడ్డు మీద కొత్తమెట్ట పదకొండు అని మైలురాయి ఉంది చూడు, అందాకా పరిగెత్తు." పొద్దున ఆరింటికి వెళ్ళిన మనిషి పదింటికీ రాలేదు. పన్నెండింటికీ రాలేదు. మాస్టారు ఎండలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి చూస్తే, దాలయ్య రాయి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏరా, రావేం?"

"రాయి దాకా అన్నారండి. వచ్చాను. తర్వాత మాట మీరు చెప్పలేదండి."

మాస్టారు నుదురు కొట్టుకున్నారు. ఇంట్లో ఎరకయ్యకి మాత్రం కొడుకు మీద జాలేసింది. రోజూ అంత దూరం పోయి ఎండలో కూర్చోవాలా? ఆయన చెప్పింది రాయి దాకా పరిగెత్తమని గానీ, రాయి అక్కడే ఉండాలని కాదు కదా! ఇంకేముంది, తండ్రీ చిన్నకొడుకూ గునపాలు పట్టుకుపోయి, ఆ రాయి పెకలించి, ఎడ్లబండి మీద తెచ్చి పెరట్లో పాతేశారు. దాలయ్య తెల్లారి లేచి అరుగు మీంచి రాయి దాకా పరిగెత్తాడు. ఇరవై అడుగులు. అక్కడ నిలబడి రాయి మీద రాసింది చదివాడు. వాడి మొహం వెలిగిపోయింది.

"అమ్మా! ఇక్కణ్ణుంచి కొత్తమెట్ట పదకొండే! నిన్నటిదాకా పద్నాలుగుండేది. తవిటమ్మ మూడు కిలోమీటర్లు దగ్గరికొచ్చేసింది!"

"మరి నాన్నంటే ఏటనుకున్నావు?" అంది నూకరత్నం, కళ్ళొత్తుకుంటూ.

రోడ్డు పనివాళ్ళు వచ్చి నానా తిట్లూ తిట్టి రాయి తీసుకుపోయారు. "మళ్ళీ దూరం చేశారు నా కోడల్ని" అని వాళ్ళ వెనకాల శాపనార్థాలు పెట్టింది నూకరత్నం.

తర్వాత బూట్లు. మాస్టారే పట్నం నుంచి తెప్పించారు, తెల్లటివి. "కొత్త బూట్లతో పందెంలో దిగకూడదు, కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఈ బూట్లు పందెం రోజు వచ్చేలోపల వంద మైళ్ళు తిరిగి రావాలి. గుర్తుంచుకో" అన్నారు. దాలయ్య ఇంటికెళ్ళి ఆ మాట అప్పజెప్పాడు.

నూకరత్నం తెల్లవారుజామునే లేచి, బూట్లు తువ్వాల్లో చుట్టి, విశాఖపట్నం బస్సెక్కింది. కిటికీ పక్క సీట్లో బూట్లు పెట్టి తాను పక్కన కూర్చుంది.

"ఏమ్మా, సీటు మీంచి అవి తియ్యి, మనుషులు నిలబడ్డారు" అన్నాడు కండక్టరు.

"వీటికీ టిక్కెట్టు కొట్టు నాయనా. నేను తోడొచ్చాను గానీ ప్రయాణం వీటిదే."

సాయంత్రానికి బస్సులు మారి మారి తిరిగొచ్చింది. మైళ్ళు ఎలా కొలిచిందో ఆమెకే తెలియాలి. "నూటికి పైనే తిరిగాయి. దారంతా ఒక్క మాటా అనలేదు, బుద్ధిగా కూర్చున్నాయి" అంది. అన్ని మైళ్ళు తిరిగినవాటికి కాళ్ళు పీకవా మరి! గంగాళంలో సలసల కాగే నీళ్ళు పోసి, గుప్పెడు కళ్ళుప్పు వేసి, తెల్లారేదాకా బూట్లని నానబెట్టారు. పొద్దున చూస్తే అవి ముడుచుకుపోయి రెండు దొండకాయల్లా ఉన్నాయి. దాలయ్య బొటనవేలు మాత్రం పట్టింది.

"అలసట తీరి ఎంత హాయిగా ముడుచుకున్నాయో చూడు" అంది నూకరత్నం. మాస్టారు చూశారు. రెండు వేళ్ళతో ఒక బూటు ఎత్తి అటూ ఇటూ తిప్పారు. ఆఖరికి, "సరేలే, చిన్నప్పట్నుంచీ వట్టికాళ్ళతో తిరిగినవాడివే. కానీ అక్కడ బూట్లు లేకుండా వస్తే రానివ్వరేమో" అన్నారు. దాలయ్య ఆ మాట కూడా దాచుకున్నాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పరుగు మాత్రం వచ్చింది వాడికి. మాస్టారు రాను పోను రెండూ విడివిడిగా చెప్పడం నేర్చుకున్నాక, దాలయ్య ఎండనక మంచనక పరిగెత్తాడు. పాదాలు చెక్కలయ్యాయి. ఇరవై, పాతిక, ముప్పై కిలోమీటర్లు. పరిగెత్తినంతసేపూ వాడికి కళ్ళముందు ఒక రేకుపెట్టే, దాన్ని పట్టుకున్న చెయ్యీ కనబడేవి.

పందెం ముందురోజు మాస్టారు మూడే మాటలు చెప్పారు. మూడు మాటలు చాలవా, ఆ ఇంటికి?

"దాహం వేసేదాకా ఉండకు, వెయ్యకముందే నీళ్ళు తాగు. నీకంటే బాగా పరిగెత్తేవాణ్ణి ఒకణ్ణి చూసుకుని వాడి వెనకాలే పో, వదలకు. నేను ఈల వేసేదాకా ఆగకు. చివర్లో నేనే ఉంటాను."

పొద్దున వంతెన దగ్గర, "దాహం వెయ్యకముందే" అని నూకరత్నం కొడుక్కి చెంబు తర్వాత చెంబు పట్టించింది. ఆరు గంటల దాహానికి ముందే తాగాలంటే ఎంత పడుతుంది? బిందెడు పట్టింది. దాలయ్య కదిలితే లోపల కుండ కదిలినట్టు చప్పుడైంది. పక్కనున్నవాళ్ళు అటూ ఇటూ చూశారు, నీళ్ళ బండి ఏదైనా వచ్చిందేమోనని.

ఒక అమ్మాయి వచ్చి వాడి ఛాతీ మీద కాగితం గుచ్చింది. నూట పదిహేడు. "నంబరు అందరికీ కనబడుతూ ఉండాలి అన్నా" అని చెప్పి పోయింది. దాలయ్య తల గోక్కున్నాడు. ముందున్నవాళ్ళకి కనబడుతుంది, సరే. వెనకాల ఉన్న రెండొందల మందికి ఎలా కనబడుతుంది? పాపం వాళ్ళేం పాపం చేశారు?

తుపాకీ పేలింది. అందరూ ముందుకి పరిగెత్తారు. దాలయ్య వెనక్కి తిరిగి, రెండు చేతుల్లో రెండు బూట్లు పట్టుకుని, ఛాతీ విరుచుకుని, వెనకనడకన పరుగు మొదలెట్టాడు. కడుపులో నీళ్ళు గలగలమంటున్నాయి. వచ్చేవాళ్ళందరికీ మొహం చూపిస్తూ, "నూట పదిహేడండీ, కనబడిందా? నూట పదిహేడు" అని చెబుతూ పరిగెత్తాడు. ఒకాయన నవ్వాపుకోలేక రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఇద్దరు గుద్దుకున్నారు. అందరూ దాటిపోయి, వెనకాల ఒక్క కుక్క మిగిలాక దాలయ్య ఆలోచించాడు. ఇప్పుడు అందరూ ముందే ఉన్నారు, కాబట్టి ఛాతీ అటే ఉండాలి. ముందుకి తిరిగాడు. కుక్కకి చదువు రాదు కదా.

ఇక రెండో మాట. వెనకాల పోవడానికి ఒకణ్ణి చూసుకోవాలి. ఎర్రచొక్కా ఆయన ఒకడు కనబడ్డాడు, పొడుగ్గా, గుర్రంలా పరిగెడుతున్నాడు. దాలయ్య వాడి వెనకాల పడ్డాడు. రెండు అడుగుల దూరం. వాడు ఎడమకి జరిగితే ఎడమకి, కుడికి జరిగితే కుడికి. వాడు నీళ్ళ దగ్గర ఆగితే, మాస్టారు ఈల వెయ్యలేదని దాలయ్య వాడి చుట్టూ తిరుగుతూ పరిగెత్తాడు. ఒకచోట వాడు తుమ్మపొదల చాటుకి వెళ్ళాడు. వెనకనే ఊపిరి వినబడి తిరిగి చూశాడు.

"ఏటిది? ఇక్కడికి కూడానా?"

"కానియ్యండి, తొందరేం లేదు" అన్నాడు దాలయ్య, ఉన్నచోటే గెంతుతూ.

ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఎర్రచొక్కా ఆయన పిక్క పట్టేసింది. కుంటుకుంటూ ఓ ఆటో ఆపి ఎక్కేశాడు. ఆటో రోడ్డు దిగి పక్క ఊరి దారి పట్టింది. వదలకు అన్నారు మాస్టారు. ఇంకేముంది, దాలయ్య ఆటో వెనకాల. ఆటో ఇంటి ముందు ఆగింది. ఆయన లోపలికి వెళ్ళాడు, దాలయ్యా వెళ్ళాడు. ఆయన మంచం మీద వాలాడు, దాలయ్య మంచం చుట్టూ పరిగెత్తాడు. ఆయన తల్లి పీటా విస్తరీ వేసింది గానీ, కూర్చోవడమంటే ఆగడమే కదా! ముద్దకోసారి పీట చుట్టూ తిరుగుతూ తిన్నాడు.

"బాబూ, నీకు దణ్ణం పెడతాను, పందెం అటు. వెళ్ళు" అన్నాడు ఆయన.

"మీరు కదిలితే వస్తానండి. వదలొద్దన్నారు. ఈ పందెం చివరంటా పోకపోతే మా ఆవిడ ఇక రాదండి." అంటూనే దాలయ్య ఇంకో చుట్టు తిరిగాడు.

ఆయన వాడి వంక చూశాడు. చేతిలో పట్టుకున్న దొండకాయ బూట్లు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, పిక్కకి గుడ్డ కట్టుకుని లేచాడు. మోటారుసైకిలు తీశాడు. "ఎక్కు" అన్నాడు.

"పరుగన్నారండి. బండి అనలేదు."

"సరే తండ్రీ, నా వెనకాలే రా" అని ఆయన మెల్లిగా బండి పోనిచ్చాడు. ఆటో ఎక్కినచోటికి తీసుకొచ్చి, అక్కణ్ణుంచి పందెం దారి పట్టించాడు. దాలయ్య వెనకాల. గతుకులు, మిట్టలు, ఎండ. బిందెడు నీళ్ళూ చెమటైపోయాయి. అరికాళ్ళు మండుతున్నాయి. అయినా వదల్లేదు. లోకంలో తెలివిగలవాళ్ళు మధ్యలో ఎంతమంది ఆగిపోయారో ఆ రోజు! ఆ తెలివే లేకపోవడం వల్ల వీడు ఆగలేదు.

కొత్తమెట్ట మైదానంలో అప్పటికే జనం పలచబడ్డారు. తవిటమ్మ పొద్దుటినుంచీ గోడ దగ్గర నిలబడి ఉంది. వచ్చినవాళ్ళల్లా కడుపు పట్టుకుని చెప్పుకుంటున్నారు, నంబరు చూపించడానికి వెనక్కి పరిగెత్తిన మహానుభావుడొకడు ఉన్నాడని. పేరెవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. తవిటమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

ఆరు గంటల గడువుకి అయిదు నిమిషాలుండగా మోటారుసైకిలు కనబడింది. దాని వెనకాల దుమ్ము. దుమ్ములో దాలయ్య.

"వస్తున్నాడు! ఆఖరివాడు వస్తున్నాడు!" అని మైకులో అరిచారు. పందెంవాళ్ళు ముచ్చటపడి, మొదటివాడికి కట్టిన ఆకుపచ్చ రిబ్బను మళ్ళీ తెచ్చి, దారికి అడ్డంగా అటొకరూ ఇటొకరూ పట్టుకున్నారు. ఎర్రచొక్కా ఆయన బండి పక్కకి తిప్పేశాడు. జనం చప్పట్లు. ఎరకయ్య, నూకరత్నం, గవరయ్య బస్సులో ముందే వచ్చి ముందువరసలో ఉన్నారు. భూషణం మాస్టారు ఈల పెదాల దాకా తెచ్చారు.

దాలయ్య వచ్చాడు, వచ్చాడు, వచ్చాడు. రిబ్బనుకి రెండడుగుల ఇవతల, ఉన్నచోటే గెంతడం మొదలెట్టాడు.

చప్పట్లు కొడుతున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"రారా! దాటరా!" అని మాస్టారు గొంతు చించుకున్నారు.

"తాడు కట్టారండి" అన్నాడు దాలయ్య గెంతుతూ. "ఊరు కట్టారు. పచ్చగా ఉంది కూడా."

"అది తెంచుకుని రావాలిరా!"

"అమ్మో! ఊరికి అరిష్టమండి. మా అత్తోరి ఊరండి ఇది."

"భేష్! అదీ పెంపకం. ఇందాక మొదట వచ్చినవాడు చూడండి, సిగ్గులేకుండా తెంచుకుపోయాడు" అన్నాడు ఎరకయ్య, పక్కనున్నవాళ్ళతో.

తవిటమ్మ గోడ దగ్గర్నుంచి పరుగున వచ్చి రిబ్బనుకి అవతల నిలబడింది. నాలుగు నెలల తర్వాత మొగుణ్ణి చూడటం. మొహమంతా దుమ్ము, పెదాలు పగిలి ఉన్నాయి, కాళ్ళు ఆగడం లేదు.

"దాటవయ్యా! నా కోసం దాటు!"

"నువ్వు బయటికి రాకు తవిటమ్మా. లోపలివాళ్ళు రాకూడదు. నేనిక్కడే ఉంటాలే, తాడు విప్పేదాకా. ఎన్ని రోజులైనా ఉంటాను." ఆ మాట అంటుంటే వాడి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గెంతడం మాత్రం ఆపలేదు, ఈల పడలేదు మరి.

మైకులో రెండు నిమిషాలన్నారు. తర్వాత ఒక నిమిషమన్నారు. మాస్టారు నేల మీద చతికిలబడ్డారు. తవిటమ్మ మొగుడి ఛాతీ మీద నలిగిన కాగితం చూసింది. ఆవిడకి నాలుగేళ్ళ కాపరం ఊరికే పోలేదు.

"ఏవయ్యా!" అని గట్టిగా కేకేసింది. "నీ వెనకాల సోడాబండి అబ్బి నిలబడ్డాడు. నీ నంబరు కనబడటం లేదని ఏడుస్తున్నాడు!"

"అయ్యో!" అని దాలయ్య చటుక్కున వెనక్కి తిరిగాడు.

"మరీ దగ్గరయ్యావంట! కాస్త వెనక్కి జరుగు! ఇంకాస్త!"

"నూట పదిహేడు బాబూ, కనబడిందా?" అంటూ దాలయ్య వీపుతో రిబ్బను తెంచుకుంటూ లోపలికొచ్చి పడ్డాడు. మాస్టారు ఈల ఊదారు. ఊపిరంతా ఊదారు. మెడలో పతకం వేశారు. మైదానం మారుమోగిపోయింది.

తవిటమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వింది. నాలుగేళ్ళనాటి నవ్వు అది. "సరే, మొదలెట్టావు, చివరంటా చేశావు. పద, పెట్టె తెచ్చుకుంటాను" అంది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండును! మిగతా ముగ్గురు ఉన్నారు కదా.

ఎరకయ్య ఇదంతా కళ్ళార్పకుండా చూశాడు. "రత్నం, చూశావా? ఈ ఊరి పద్ధతి వేరు. దూరాన్నించి వచ్చినవాళ్ళకి తాడు కడతారు. అది తెంచినవాళ్ళ మెడలో పతకం వేస్తారు. ఇదే మర్యాదంట. మన కోడలు ఇన్నాళ్ళకి ఇంటికొస్తోంది. మనం అంతకన్నా తక్కువ చేస్తామా?" అన్నాడు. అంతే, ముగ్గురూ ముందు బస్సెక్కి ఇంటికి పరుగులు.

మొగుడూ పెళ్ళాలూ తర్వాత బస్సులో వచ్చారు. ఇంటి ముందుకొచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా తాడు. దానికి జానెడుకో వేపమండ. అవతల ముగ్గురూ చప్పట్లు.

తవిటమ్మ తాడు చూసింది. వాళ్ళని చూసింది. అలిసిపోయింది ఆవిడ. పెట్టె నెత్తిన పెట్టుకునే తాడు పుటుక్కున తెంచి లోపలికి నడిచి, "అన్నం వండుతాను, పొద్దుటినుంచీ ఎవరూ తిన్నట్టు లేదు" అంటూ వంటింట్లోకి పోబోయింది.

"ఆగమ్మా, పతకం!" అన్నాడు ఎరకయ్య. పతకం కోసం నలుగురూ ఇల్లంతా చూశారు. ఒక్కటే ఉంది, దాలయ్య మెడలో. తెంచినవాళ్ళకే పతకం, దానికి తిరుగేముంది? గవరయ్య దాన్ని అన్న మెడలోంచి తీసి వదిన మెడలో వేశాడు. "ఏటో మీ గోల" అని తవిటమ్మ అది మెళ్ళో ఉండగానే పొయ్యి ముట్టించింది. ఎసరు పెట్టింది. మామగారు కంచాలు కడుగుతున్నాడు. ఇల్లు ఇల్లులా ఉంది.

దాలయ్య అరుగు మీద కూర్చుని మెడ తడుముకున్నాడు. బోసిగా ఉంది. మళ్ళీ తడుముకున్నాడు. చివరి దాకా పరిగెత్తిన ప్రతి ఒక్కరి మెడలో పతకం అని మైకులో చెప్పారు. తన మెడలో లేదు. అంటే తాను చివరి దాకా పరిగెత్తలేదన్నమాట! చివరంటా చెయ్యకపోతే తవిటమ్మ రానంది. మరి వచ్చి లోపల అన్నం వండుతోంది. ఆవిడ ఇంకా తన బోసి మెడ చూడలేదు. చూస్తే మళ్ళీ పెట్టె సర్దుతుంది!

ఇంకేముంది, దొండకాయ బూట్లు రెండూ అందుకుని, రేవు వంతెన వైపు లగెత్తాడు.

వీధి మలుపు తిరుగుతుండగా వెనకనుంచి పెళ్ళాం గొంతు వినబడింది. "మావా! ఈయనేడీ? అన్నం వడ్డించాను!"

"మళ్ళీ మొదలెట్టడానికి వెళ్ళాడమ్మా" అన్నాడు ఎరకయ్య. "మెడలో పతకం లేదు కదా మరి."

"ఓలమ్మో! పట్టుకోండి మావా! మబ్బు చూడండి, వానొస్తోంది! ఒళ్ళు హూనమైన మనిషి, వాన పడితే జ్వరమొస్తుంది! వానొస్తే లోపలికి తీసుకురండి!"

ముగ్గురూ చేతులు చాపి చూస్తున్నారు కాబోలు. తర్వాత నాన్న గొంతు తాపీగా వినబడింది.

"వాన కాదమ్మా, ఇంకా తుంపరే."

దాలయ్య పరిగెడుతూనే అరచెయ్యి చాపి చూశాడు. నిజమే, తుంపరే. నాన్నకి ఎంత తెలుసు! మనసు నెమ్మదించి, వాడు ఇంకాస్త జోరు పెంచాడు.